అంబలి పట్ల వైద్యుల వైఖరి

ఆ సర్క్యులర్ వచ్చిన రోజున అచ్చియ్యమ్మ బరువు ముప్ఫయ్యెనిమిది కిలోలు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, సర్క్యులరూ ఆమె బరువు చీటీ ఒకే ట్రేలో నా బల్లమీదికి వచ్చాయి.

మాది ప్రభుత్వ దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రం. పక్షవాతం వచ్చినవాళ్ళు, తుంటి విరిగినవాళ్ళు, పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి కోలుకోవలసినవాళ్ళు మా దగ్గర చేరతారు. నలభై మంచాలు, ఇద్దరు డాక్టర్లు. నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు లోకనాథం. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఏ ఉత్తర్వునూ సగం చదివి పక్కన పెట్టిన పాపాన పోలేదు.

అచ్చియ్యమ్మది పదిహేడో నంబరు మంచం. జూట్ మిల్లులో ముప్ఫయ్యేళ్ళు నిలబడి పనిచేసిన మనిషి. రిటైరయ్యాక పెరట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది గాని తిండి సయించడం మానేసింది. మా పట్టికలోని అన్నం, సాంబారు, ఉడికించిన గుడ్డు కనిపిస్తే చాలు, మొహం గోడవైపు తిప్పుకునేది. ఆమె నోట్లోకి ఇష్టంగా పోయేదల్లా ఒక్కటే, చెల్లెలు ఎర్నమ్మ రోజూ పది గంటల బస్సుకి స్టీలు క్యానులో తెచ్చే చోడి అంబలి. చోళ్ళ పిండి, అంటే రాగిపిండి, పులియబెట్టి, కాచి, చల్లారాక మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కలు వేసి తెచ్చేది. అది రెండు గ్లాసులు పడితే అచ్చియ్యమ్మ ఆ పూటకి మనుషులతో మాట్లాడేది.

ఇక సర్క్యులర్. ఎక్కడో ఏదో కేంద్రంలో బంధువులెవరో రోగికి ఏదో పొడి కలిపి తాగించారట. తర్వాత ఏదో అయిందట. ఎక్కడో, ఏ పొడో, ఏమయిందో రాయలేదు గాని, దానిమీద హెడ్డాఫీసు ఇచ్చిన ఆదేశం మాత్రం స్పష్టంగా ఉంది:

"సంరక్షణ కేంద్రములందు చేర్చబడియున్న రోగులకు సంబంధించి, ఆమోదిత భోజన పట్టికయందు లేనిదియు, నోటి ద్వారా స్వీకరింపబడునదియు అగు ప్రతి పదార్థమును ఆహార అనుబంధముగా పరిగణించవలెను. సదరు అనుబంధమును కేంద్రమందలి వైద్యులందరి ఏకాభిప్రాయముతో మాత్రమే అనుమతించవలెను. అనుబంధముల పట్ల వైద్యుల వైఖరిని జతపరచిన ముప్ఫయిరెండు ప్రశ్నల పత్రము ద్వారా సేకరించి ప్రతి నెల ఐదవ తేదీలోగా పంపవలెను."

మూడుసార్లు చదివాను. మంచి డ్రాఫ్టింగు. మంచినీళ్ళు పట్టికలో ఉన్నాయా అని అనుమానం వచ్చి తీసి చూశాను. ఉన్నాయి. హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాను. అదీ ముక్కుతోనే.

మా సూపరింటెండెంటు డాక్టర్ తారకేశ్వరరావుగారు అనుబంధాలకు అనుకూలం. అంతకు నెల ముందే ఆయన పోషకాహారం మీద ఒక సదస్సుకి వెళ్ళి, భుజానికి తగిలించుకునే సంచీ ఒకటి, వెనీలా వాసన వేసే ప్రోటీన్ పొడి డబ్బా ఒకటి తెచ్చుకున్నారు. ఆ రోజునుంచి ఆయన కంటికి లోకంలో ప్రతివాడూ ఏదో ఒకటి తక్కువై బాధపడుతున్నవాడే. వరండాలో నేను ఎదురైతే ఆపి, కంటికింద చర్మం లాగి చూసి, "మీకు జింకు తక్కువ, లోకనాథంగారూ" అనేవారు.

రెండో డాక్టరు ఇందుశేఖర్‌గారు. వయసులో చిన్నవారు, బాగా చదువుకున్నారు. ఆధారం లేనిదే దేన్నీ నమ్మరు. వాన పడుతోంది సార్ అంటే కిటికీలోంచి చూసి, "ఈ కిటికీ దగ్గర పడుతోంది" అనేవారు. అనుబంధాలంటే ఆయనకు బొత్తిగా గిట్టదు.

వైఖరి పత్రాలు ఇద్దరికీ ఇచ్చాను. సూపరింటెండెంటుగారు ముప్ఫయిరెండు ప్రశ్నలకూ "పూర్తిగా ఏకీభవిస్తాను" అని టిక్కు పెట్టారు. ఏడో ప్రశ్న 'అనుబంధములు అత్యవసరము', ఎనిమిదో ప్రశ్న 'అనుబంధములు అనవసరము'. రెండిటికీ ఏకీభవించారని వినయంగా చూపించాను.

"అనుకూల వైఖరి అంటే అదేనయ్యా. ప్రశ్నని బట్టి మారిపోతే అది వైఖరెలా అవుతుంది?" అన్నారు.

ఇందుశేఖర్‌గారు అన్నిటికీ "ఆధారం చాలదు" అని రాశారు. మొదటి గడి 'వైద్యుని పేరు'. అందులో పేరు రాసి, దానికింద 'జతపరచిన పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం' అని చేర్చారు.

మర్నాడు పది గంటలకు ఎర్నమ్మని గేటు దగ్గర ఆపించాను. ఉత్తర్వు నేనే చదివి వినిపించాను. ఆమె క్యాను నేలమీద పెట్టి, కొంగుతో మెడ తుడుచుకుని శ్రద్ధగా వింది.

"అనుబందమంటే ఏటి బాబూ?"

"ఇదే. నీ క్యానులో ఉన్నది."

"ఇది అంబలి గదా?"

"మీ ఇంట్లో ఉన్నంతసేపూ అంబలే. ఈ గేటు దాటితే ద్రవరూప ధాన్య అనుబంధం."

"ఓలమ్మా! పులిసిన పిండికి అంత పేరెట్టినారా? మా యప్పకి సెప్తే నవ్వుద్ది. ముందు తాగనియ్యండి బాబూ, ఆనక నవ్వుద్ది."

ఉత్తర్వు ప్రకారం క్యాను సూపరింటెండెంటుగారి గదికి చేరింది. ఇద్దరు డాక్టర్లూ దానికి చెరోవైపు కూర్చున్నారు. ఎర్నమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. నేను మినిట్స్ పుస్తకం తెరిచాను.

"దీనికి లేబులేది? చెంచాకి ఎన్ని మిల్లీగ్రాములో ఎక్కడుంది? ఏ ఫ్లేవరు?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"పులుపు బాబూ," అంది ఎర్నమ్మ.

ఇందుశేఖర్‌గారు మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేశారు. "ఎంతమంది మీద పరీక్షించారు?"

"మా ఇంట్లో తొమ్మండుగురం బాబూ. అందరం ఇదే తాగుతాం."

"తాగనివాళ్ళు ఎంతమంది?"

"తాగనోల్లు నేరు బాబూ."

"చూశారా, అక్కడే ఉంది లోపం. పోల్చి చూడ్డానికి ఎవరూ లేరు." ఆయన నావైపు తిరిగారు. "రాసుకోండి. రోగుల్లో సగంమందికి అంబలి ఇవ్వాలి. మిగతా సగానికి చూడ్డానికి అంబలిలాగే ఉండి, అంబలిలాగే వాసన వేసి, అంబలి కానిది ఇవ్వాలి. ఏది ఏదో తాగేవాళ్ళకీ తెలియకూడదు, ఇచ్చేవాళ్ళకీ తెలియకూడదు."

"అలాంటిది ఎక్కడ దొరుకుతుంది సార్?" అన్నాను.

ఎర్నమ్మ సాయం చేయబోయింది. "మా ఆయన కాత్తే అచ్చం అలాగే వత్తాది బాబూ."

ఆ పరీక్షకు నైతిక సంఘం అనుమతి కావాలని పైకి రాశాం. సదరు సంఘాన్ని ఏర్పాటు చేసే విషయం పరిశీలించడానికి ఒక ఉపసంఘాన్ని ఏర్పాటు చేయబోతున్నామని జవాబు వచ్చింది. ఈలోగా అంబలి బదులు తన పొడి ఇద్దామని సూపరింటెండెంటుగారు ప్రతిపాదించారు. దానికీ ఆధారం చాలదని ఇందుశేఖర్‌గారు కొట్టేశారు. పొడికి ఒకరు వద్దన్నారు, అంబలికి ఇద్దరూ వద్దన్నారు. వాళ్ళిద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడం కేంద్రం చరిత్రలో అదే మొదటిసారి. "అనుమతి లేదు" అని నేనే అందంగా టైపు చేశాను.

అచ్చియ్యమ్మకి ఆ సంగతి తెలియజేసి వేలిముద్ర తీసుకోవాలి. కాగితం పట్టుకుని వార్డుకి వెళ్ళాను. ఆమె గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మోచేతి ఎముక దుప్పట్లోంచి కూడా తెలుస్తోంది.

"నీ విషయం పైవాళ్ళ పరిశీలనలో ఉందమ్మా," అన్నాను.

ఆమె నెమ్మదిగా ఇటు తిరిగింది. "ఆ పరిశీలనేదో రవ్వంత పల్సగా కాసి ఇయ్యండి బాబూ. తాగుతాను."

వేలిముద్ర కోసం పట్టుకుంటే ఆ వేలికి బరువే లేదు.

వారానికి ముప్ఫయ్యేడు కిలోలు. మరో వారానికి ముప్ఫయ్యారున్నర. మా హెడ్ నర్సు సిస్టర్ ఎస్తేరు బరువు చీటీ తెచ్చి, మాటా పలుకూ లేకుండా నా బల్లమీద పెట్టి పోయేది. మూడోసారి మాత్రం పోలేదు. నా ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"లోకనాథంగారూ, పదిహేడో మంచం ఇంకో నెలలో ఖాళీ అవుతుంది. మీకు డిశ్చార్జి ఫారం రాసే పని కూడా ఉండదు. వేరే ఫారం రాస్తారు."

"నేనేం చెయ్యగలను సిస్టర్? ఉత్తర్వు..."

"ఉత్తర్వుని మీకంటే బాగా చదివేవాళ్ళు ఈ జిల్లాలో లేరంటారు కదా. ఇంకోసారి చదవండి."

అది పొగడ్తో తిట్టో తెలియలేదు గాని చదివాను. మొదటి పంక్తిలోనే ఆగిపోయాను. 'చేర్చబడియున్న రోగులకు'. అంటే చేర్చబడి ఉండనివాళ్ళకు ఈ ఉత్తర్వు వర్తించదు. పది గంటలకు అచ్చియ్యమ్మని డిశ్చార్జి చేస్తే ఆమె రోగి కాదు. గేటు బయట బెంచీ మీద కూర్చుని అంబలి తాగితే అది ఒక సామాన్య పౌరురాలు తాగిన అంబలి. పదకొండింటికి మళ్ళీ చేర్చుకుంటే సరి. ఒకే మనిషి రోజుకి ఎన్నిసార్లు డిశ్చార్జి కావచ్చునో ఏ నిబంధనలోనూ పరిమితి లేదు.

డిశ్చార్జి కాగితాన్ని ఫారం తొమ్మిది అంటాం. ఇద్దరు డాక్టర్ల సంతకాలూ ఉండాలి. తీసుకెళ్ళాను.

"డిశ్చార్జా? శుభం," అన్నారు సూపరింటెండెంటుగారు. "డిశ్చార్జి అంటే మన వైద్యం మీద మనకున్న నమ్మకం. గంటలో తిరిగి చేరితే అది ప్రజలకు మనమీద ఉన్న నమ్మకం." సంతకం పెట్టారు.

ఇందుశేఖర్‌గారు కాసేపు ఆలోచించారు. "గేటు బయట ఆమె ఏం తాగుతుందో నేను చూడను. చూడనిదానికి నా దగ్గర ఆధారం ఉండదు. ఆధారం లేనప్పుడు అభ్యంతరానికీ ఆధారం లేదు." ఆయనా పెట్టారు.

ఒక చిక్కు మిగిలింది, దాన్ని లేవనెత్తింది నేనే. చక్రాల కుర్చీ చేర్చబడిన రోగుల వాడకానికి మాత్రమే. డిశ్చార్జయిన మనిషిని అందులో కూర్చోబెట్టి తోయడానికి వీల్లేదు. సిస్టర్ ఎస్తేరు నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. కాని స్టాకు రిజిస్టర్ మొదటి పేజీలోనే అలా ఉంది, నేనేం చెయ్యను?

ఆమెకి సొంత వాకర్ ఉంది. పెద్దాసుపత్రిలో డాక్టరు నడిపించమని కూడా రాసిచ్చారు. మా దగ్గర నడిపించే ఫిజియోథెరపిస్టు పోస్టు నాలుగేళ్ళుగా ఖాళీ కాబట్టి ఆ వాకర్ మంచం కింద దుమ్ము పట్టి ఉంది. సిస్టర్ దాన్ని తీసి తుడిచి ఆమె ముందు పెట్టింది. వార్డునుంచి గేటుకి నూటనలభై అడుగులు. మొదటి రోజు నలభై నిమిషాలు పట్టింది. ఒక పక్క సిస్టర్, ఇంకో పక్క ఆయా. నాలుగడుగులకోసారి ఆగి, కాళ్ళు వణుకుతుంటే తల దించుకుని ఊపిరి తీసుకునేది. గేటు అవతల ఎర్నమ్మ గ్లాసు ఎత్తి చూపిస్తూ, "రా అప్పా, ఒచ్చీ ఒచ్చీ, ఇంకెంత దూరం, రా" అని అరుస్తోంది. నేను ఫైలు చూస్తున్నట్టు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఫైలు తలకిందులుగా పట్టుకున్నానని ఆయా తర్వాత చెప్పింది.

అచ్చియ్యమ్మ బెంచీ మీద కూలబడి రెండు గ్లాసులు ఆపకుండా తాగింది. మూడోది ఆగి ఆగి తాగింది. మూతి తుడుచుకుని, "ఉల్లిపాయ పెద్ద ముక్కలు కోసినావేటే?" అని చెల్లెల్ని కసిరింది. నెలరోజుల్లో ఆమె ఎవరినైనా కసరడం అదే మొదలు.

పదకొండూ ఇరవై అయిదుకి తిరిగి చేర్చుకున్నాను. అడ్మిషన్ పత్రంలోని ప్రశ్నలన్నీ వరుసగా అడిగాను.

"గతంలో ఈ కేంద్రంలో చికిత్స పొందారా?"

"ఈ పొద్దే పొందినాను గదా బాబూ."

వారం తిరిగేసరికి పక్క మంచాలవాళ్ళు కూడా డిశ్చార్జి అడగడం మొదలుపెట్టారు. ఎర్నమ్మ క్యాను బిందె అయింది, ఆ బిందె మోయడానికి ఆమె భర్త వచ్చాడు. కాసింది అతను కాదని ఆమె ముందే అందరికీ హామీ ఇచ్చింది. రోజూ పది గంటలకు వాకర్లూ చేతికర్రలూ టకటకమంటూ ఇరవైతొమ్మిదిమంది గేటువైపు బయల్దేరేవారు. సంతకాలకు చేతులు నొప్పులు పుడుతున్నాయని డాక్టర్లిద్దరూ ఫారం తొమ్మిది పుస్తకాల మీద ముందే పెట్టేసి నా దగ్గర పడేశారు.

మంచం దిగలేనివాళ్ళు పదకొండుమంది మిగిలారు. వాళ్ళు అంబలి వాసన పీల్చుకుంటూ పడుకోవడం సిస్టర్ చూడలేకపోయింది. మళ్ళీ నా ఎదురుకుర్చీలో కూర్చుంది. నేను భవనాల ఫైలు తీశాను. మా కేంద్రం ముందు ఒక పోర్టికో ఉంది. పదిహేనేళ్ళ కిందట ఎవరో మంత్రి వస్తున్నారని వారం రోజుల్లో కట్టేశారు. మంత్రి రాలేదు, పోర్టికోకి మంజూరూ రాలేదు. కాబట్టి రికార్డు ప్రకారం అది లేదు. లేని చోట ఉన్నవాళ్ళు కేంద్రంలో ఉన్నట్టు కాదు. చక్రాల మంచాలను అక్కడిదాకా తోయించాను. ప్రభుత్వ మంచం ఆవరణ దాటింది కదా అని స్టోర్‌కీపర్ అడ్డుపడ్డాడు. "లేని చోటికి ఏ వస్తువూ వెళ్ళదు" అని నోట్ పెట్టాను. నా సర్వీసులో అంత చక్కటి నోట్ మరొకటి రాయలేదు.

నెలాఖరు నివేదికలో నలభై మంచాల కేంద్రం నుంచి డిశ్చార్జయినవారి సంఖ్య తొమ్మిది వందల ముప్ఫై. రాష్ట్రంలో మాదే మొదటి స్థానం. అచ్చియ్యమ్మ నలభై కిలోలు దాటింది. మూడు నెలలకు నలభై నాలుగు. వాకర్ వదిలేసి చేతికర్రతో పదినిమిషాల్లో గేటు చేరుతోంది. కొన్నాళ్ళకి కర్ర చంకన పెట్టుకుని నడిచేది.

ఈ బరువుల పట్టిక మీద ఇద్దరు డాక్టర్లకూ ఒకేసారి దృష్టి పడింది. సూపరింటెండెంటుగారు ఒక పరిశోధన పత్రం రాశారు. డబ్బా మూత కూడా తీయకుండానే రోగులు బరువు పెరిగారంటే, అనుబంధాల పట్ల వైద్యునికి అనుకూల వైఖరి ఉంటే చాలునని అందులో నిరూపించారు. ఇందుశేఖర్‌గారూ ఒకటి రాశారు. మూడు నెలలపాటు ఏ అనుబంధమూ ఇవ్వని రోగులు సగటున అయిదు కిలోలు పెరిగారు కాబట్టి, అనుబంధాలు ఇవ్వకపోవడమే బరువు పెరగడానికి కారణమని ఆయన నిరూపించారు. "మొదటిసారిగా నా దగ్గర ఆధారం ఉంది లోకనాథంగారూ" అన్నప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. రెండు పత్రాల్లోనూ గ్రాఫు ఒకటే. నేనే గీశాను. రెండింట్లోనూ మొదటి ఉదాహరణ పదిహేడో నంబరు మంచమే.

అంబలి ప్రస్తావన ఎందులోనూ లేదు. దాన్ని వాళ్ళు చూడలేదు కదా.

ఇద్దరికీ శాలువా కప్పడానికి హెడ్డాఫీసు నుంచి జాయింట్ డైరెక్టర్ సువర్చలగారు స్వయంగా బయల్దేరారు. తొమ్మిదింటికి రావలసినవారు పది గంటల ఇరవై నిమిషాలకు వచ్చారు. పెరటి గేటులోంచి కారు లోపలికొచ్చి వార్డు ముందు ఆగింది. మేడమ్ వార్డులోకి నడిచారు. నలభై స్థానాల్లో ఇరవైతొమ్మిది ఖాళీ మంచాలు, పదకొండు ఖాళీ జాగాలు.

"రోగులేరీ?"

"డిశ్చార్జయ్యారు మేడమ్," అన్నారు సూపరింటెండెంటుగారు.

"అందరూనా?"

"మా వైఖరి అలాంటిది మేడమ్."

"మరి మీరిద్దరూ ఇక్కడ ఎవరికి వైద్యం చేస్తున్నారు?"

"పదకొండింటికి వచ్చేస్తారు మేడమ్."

ఆవిడ గోడ గడియారం వైపు చూశారు. తర్వాత ముందువైపు నుంచి నవ్వులు వినబడితే అటు నడిచారు. పోర్టికోలో పదకొండు మంచాలు, గేటు బయట వేపచెట్టు కింద ముప్ఫైమంది దాకా జనం, చేతుల్లో స్టీలు గ్లాసులు. అచ్చియ్యమ్మ నిలబడి అందరికీ పోస్తోంది. ఎర్నమ్మ మేడమ్‌ని ఎగాదిగా చూసి, ఎవరో పేషెంటు తాలూకు మనిషి అనుకుంది.

"ఎండనపడి ఒచ్చినట్టున్నావు తల్లీ, మొకం వాడిపోనాది. ఒక గలాసు తాగు."

తెల్లవారుజామునే బయల్దేరిన మనిషి, దారిలో ఏమీ తిననట్టుంది. ఒక గుక్క తాగి ఆగారు. తర్వాత గ్లాసు ఖాళీ చేశారు. రెండోది తనే అడిగారు. అది కూడా అయ్యాక నన్ను పక్కకి పిలిచి ఇదేమిటని అడిగారు. పై అధికారి అడిగినప్పుడు దాచడం నాకు అలవాటు లేదు. సర్క్యులర్ మొదలు పోర్టికో దాకా అంతా చెప్పాను. ఆవిడ ముఖంలో నిజంగానే జాలి కనిపించింది.

"ఇంత మేలైన పదార్థం వ్యవస్థకు వెలుపల ఉండిపోవడం ఎంతో విచారకరం," అన్నారు. "దీన్ని వెంటనే వ్యవస్థలోకి తీసుకొస్తాను."

శాలువాలు కప్పకుండానే కారెక్కారు గాని, మాట నిలబెట్టుకున్నారు. మూడు వారాల్లో ఉత్తర్వు వచ్చింది. ద్రవరూప ధాన్య అనుబంధం ఆమోదించబడింది. తయారీ విధానాన్ని మాత్రం కేంద్రంలోని వైద్యులు ఏకాభిప్రాయంతో నిర్ణయించాలి. ఇద్దరూ మధ్యాహ్నమంతా కూర్చున్నారు. పులియబెట్టడానికి ఆధారం లేదని ఇందుశేఖర్‌గారు అది తీయించారు. ఉల్లిపాయకీ లేదు. మజ్జిగ సంగతి ఇంకా తేలలేదని దాన్ని వాయిదా వేశారు. ఆ మేరకు తగ్గిన బలాన్ని పూడ్చడానికి రెండు చెంచాల వెనీలా పొడి వేయాలని సూపరింటెండెంటుగారు పట్టుబట్టారు. ఈ ఒక్కసారికి ఇందుశేఖర్‌గారు ఒప్పుకున్నారు. శాలువాలు ఇంకా రావలసి ఉంది మరి. ఒక్కొక్కరికి రెండు వందల మిల్లీలీటర్లు, పదిన్నరకు, మంచం దగ్గరే ఇవ్వాలి. ఇక రోగులు గేటుదాకా నడవవలసిన అగత్యం లేదు. అనుబంధం నిమిత్తం డిశ్చార్జి రద్దు. బయటి వ్యక్తుల అంబలి నిషిద్ధం.

మొదటి రోజు అచ్చియ్యమ్మకి గ్లాసు అందించినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఒక గుక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు.

"ఇదేటి బాబూ?"

"అంబలేనమ్మా. సర్కారు అంబలి."

"అంబలిలాగుండి అంబలి కానిది సేయిత్తానన్నాడంట గదా ఆ సిన్న డాక్టరుబాబు. సేయించీసినాడేటి?"

గ్లాసు కింద పెట్టి, చీర సర్దుకుని లేచి నిలబడింది. వార్డులో అందరూ చూస్తున్నారు.

"పది దాటిపోనాది. నన్ను డిచ్చార్జి సేసియ్యి బాబూ."

"ఇప్పుడు కుదరదమ్మా. కారణం చూపించాలి."

"నడిత్తన్నాను గదా? అదే కారణం."

నాకు సబబుగానే తోచింది. ఇద్దరు డాక్టర్ల దగ్గరికీ వెళ్ళాను. ఇద్దరూ కుదరదన్నారు. పదిహేడో నంబరు తన పత్రానికి ప్రాణమని, ఇంకో ఆరునెలలు కళ్ళెదుట ఉండాలని సూపరింటెండెంటుగారు అన్నారు. ఆమె నిజంగా కోలుకుందనడానికి ఆధారం చాలదని, ఏడాదైనా గమనించాలని ఇందుశేఖర్‌గారు అన్నారు. "కోలుకున్న రోగిని పంపించేస్తే ఎవరిని చూపిస్తామయ్యా?" అని ఇద్దరిలో ఒకరు అన్నారు. ఎవరన్నదీ చెప్పను.

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. సొరుగులో ఫారం తొమ్మిది పుస్తకం ఉంది. ఇద్దరి సంతకాలూ ఉన్న కాగితాలు ఇంకా నాలుగు మిగిలాయి. రద్దయినవి అనుబంధం నిమిత్తం చేసే డిశ్చార్జిలు. మామూలు డిశ్చార్జి రద్దు కాలేదు. అయినా కలం మూత విప్పి మళ్ళీ పెట్టేశాను. ఇరవయ్యారేళ్ళలో డాక్టరు వద్దన్న కాగితం మీద నేను పేరు రాయలేదు. సిస్టర్ ఎస్తేరు గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ఏమైనా అంటే బాగుండుననిపించింది. పేరు రాశాను. కారణం అనే గడిలో 'నడుచుచున్నది' అని రాశాను.

అచ్చియ్యమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. వాకర్ పక్క మంచానికి ఇచ్చేసింది. గేటు దగ్గర ఎర్నమ్మ బిందె పట్టుకుని దిగాలుగా నిలబడి ఉంటే, వెళ్ళి ఆ బిందెకి ఇంకోవైపు చెయ్యి వేసింది. ఇద్దరూ రోడ్డు దాటి బస్సెక్కారు. పదకొండయింది. అలవాటు చొప్పున అడ్మిషన్ పత్రం తీసి కలం మూత విప్పాను. పన్నెండు దాకా అలాగే కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎందుకో చాలా సంతోషంగా అనిపించింది.

సూపరింటెండెంటుగారు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అంతకంటే ఏమీ చెయ్యలేకపోయారు. సంతకాలు వాళ్ళవే.

నెల తర్వాత హెడ్డాఫీసు నుంచి ఒక లేఖ వచ్చింది. 'పదిహేడవ నంబరు మంచము రోగి కోలుకొనుట వైద్యుల ఏ వైఖరి ఫలితమో, అనుకూల వైఖరియా, ప్రతికూల వైఖరియా, రోగిని స్వయముగా విచారించి తెలుపవలెను. శాలువాలు అందుకు లోబడి పంపబడును.' స్వయముగా అన్నారు కాబట్టి ఆదివారం నాడు మిల్లు వెనక వీధికి నేనే వెళ్ళాను. అచ్చియ్యమ్మ వీధి కొళాయి నుంచి నీళ్ళ బిందె ఎత్తుకుని వస్తోంది. నన్ను చూసి ఆగింది.

"ఏటి బాబూ, నన్ను మల్లీ సేర్సుకోడానికొచ్చినావేటి?"

కాదని చెప్పి, అరుగుమీద కూర్చుని లేఖ వినిపించాను. ఏ డాక్టరుగారి వల్ల బాగుపడ్డావని అడిగాను. ఆమె బిందె దించి, నిజంగానే ఆలోచించింది.

"ఒకలని ఎలా సెప్తాం బాబూ, పాపం. ఇద్దరూ సంతకాలెట్టి ఒగ్గేసినారు. ఒగ్గేసినారు గనకే లెగిసినాను."

లోపలికి వెళ్ళి గ్లాసుతో అంబలి తెచ్చి నా పక్కన పెట్టింది. నేను ఆ మాటను ఆఫీసు భాషలోకి ఎలా తేవాలా అని చాలాసేపు అవస్థపడ్డాను. చివరికి లేఖ వెనకాలే చిత్తుప్రతి రాసుకున్నాను: 'రోగి కోలుకొనుటలో ఇరువురు వైద్యుల పాత్రయు సమానమని విచారణలో తేలినది.'

శాలువాలు రెండూ ఆ వారమే వచ్చాయి.